నీరు అల్లాహ్ ఇచ్చిన అమానత్



దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి)ను అడిగారు. ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని ఆమె చెప్పారు (బుఖారీ). తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని, తన బట్టలు తానే కుట్టుకునేవారని మరో ఉల్లేఖనంలో ఉంది (ముస్నద్ అహ్మద్).

మరి మన ఇళ్ళ సంగతి ఏమిటి? వుజూ చేసే చోట కుళాయి నెలల తరబడి కారుతుంటుంది. మనిషి దొరకలేదని వాయిదా వేస్తాం. ఆ చుక్కల చప్పుడు వింటూనే నమాజుకు నిలబడతాం. చెప్పు కుట్టుకోవడం ప్రవక్త (సఅసం)కు చిన్నతనం కానప్పుడు, కుళాయి బిగించుకోవడం మనకు చిన్నతనం ఎలా అవుతుంది?

ఆయన తీపి చేశాడు

మనం తాగే నీటిని మేఘాల నుంచి దించింది మనమా, తానా అని అల్లాహ్ ప్రశ్నిస్తున్నాడు. తాను తలచుకుంటే దాన్ని ఉప్పగా మార్చేయగలనని, అయినా మనం కృతజ్ఞత చూపడం లేదేమని అడుగుతున్నాడు (ఖుర్ఆన్ 56:68-70).

ఈ వాక్యాల అర్థం పల్నాడు వారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ పారిన ఊళ్ళ బతుకు మారింది. కానీ కాలువ ఎక్కని వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మెట్ట గ్రామాలు ఇప్పటికీ బోరు నీటినే నమ్ముకున్నాయి. ఆ నీటిలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది. మన పొరుగునే, నాటి నెల్లూరు జిల్లాలో ఈ నీటి వల్ల వచ్చే ఎముకల జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట కూడా 1.5 మిల్లీగ్రాములే హద్దు.

ఇది కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. కాచినా పోదు. కాచితే క్రిములు చస్తాయి గాని, నీరు ఆవిరైన కొద్దీ ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు. కాబట్టి మొదట చేయవలసింది పరీక్ష. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో బోరు నీరు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఇవ్వండి. హద్దు దాటితే తాగడానికి, వంటకు వేరే నీరు చూసుకోండి.

పిల్లల పళ్ళు

ఎనిమిదేళ్ళ లోపు, దంతాలు తయారయ్యే వయసులో ఈ నీరు తాగిన పిల్లల పళ్ళ మీద తెల్లని, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. పళ్ళు తోమడం లేదని తల్లి కొడుతుంది. తోటి పిల్లలు నవ్వుతారు. కొందరు ఇటుకపొడితో, బూడిదతో, ఉప్పుతో గట్టిగా రుద్దిస్తారు. అది మురికి కాదు, రుద్దితే పోదు. పైపొర అరిగి పళ్ళు జివ్వుమనడం మొదలవుతుంది. ఆ బిడ్డ చేసిన తప్పేమీ లేదు. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని అల్లాహ్ హెచ్చరించాడు (49:11). ఆ మాట మన ఇంటి బిడ్డ విషయంలోనూ వర్తిస్తుంది.

నా సముదాయానికి కష్టమవుతుందని భావించకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆదేశించేవాణ్ణి అన్న భావంలో ప్రవక్త (సఅసం) సెలవిచ్చారు (బుఖారీ, ముస్లిం). మిస్వాక్ దొరకకపోతే వేపపుల్ల చాలు. కొస మెత్తగా నమిలి, చిగుళ్ళు గాయపడకుండా తోమాలి. వాడిన కొసను రోజూ కోసేయాలి. పేస్టు వాడితే మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ లోపు వారికి బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మేయడం నేర్పండి.

ఒక ముద్‌తో వుజూ

దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారు, ఒక సా నుంచి అయిదు ముద్‌ల నీటితో గుసుల్ చేసేవారు (బుఖారీ, ముస్లిం). ముద్ అంటే రెండు అరచేతులు కలిపి పట్టినంత, సుమారు ముప్పావు లీటరు. మనం కుళాయి విప్పి వుజూ చేస్తే ఎంత పోతుందో ఒకసారి కింద బకెట్ పెట్టి చూడండి. రేపటి నుంచి చెంబుతో చేసి చూడండి. అవయవాలు పూర్తిగా తడవాలి, నీరు వృథా కాకూడదు.

కారే కుళాయిని ఇంట్లోనే బాగుచేయవచ్చు. ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, కుళాయి విప్పి మిగిలిన నీరు పోనివ్వండి. పానాతో పైభాగం తిప్పి తీస్తే లోపల అరిగిన వాషర్ కనిపిస్తుంది. దాన్నే దుకాణానికి తీసుకువెళ్ళి అదే సైజుది తెచ్చి వేయండి. సగం తిప్పితే చాలు అనే కొత్త రకం కుళాయిల్లో వాషర్ ఉండదు, లోపలి భాగాన్నే మార్చాలి. గోడ దగ్గర కారితే మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి.

ఆర్.ఓ. యంత్రం ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ గొట్టం కింద బకెట్ పెట్టండి. ఆ నీరు గచ్చు తుడవడానికి, మరుగుదొడ్డికి పనికొస్తుంది. తాగడానికి, వంటకు మాత్రం వాడవద్దు, అందులో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ.

రాత్రి వేళ పాత్రలు మూసి ఉంచమని కూడా ప్రవక్త (సఅసం) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). మిద్దె మీది ట్యాంకుకు మూత ఉందా? లేకపోతే డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది.

లెక్క చెప్పే రోజు

ప్రళయదినాన దాసుణ్ణి అనుగ్రహాల గురించి మొట్టమొదట అడిగే ప్రశ్న, నీకు ఆరోగ్యం ఇవ్వలేదా, చల్లని నీటితో నీ దాహం తీర్చలేదా అన్నదే (తిర్మిజీ). ఆ రోజు ప్లంబర్ దొరకలేదని చెప్పగలమా? మన ట్యాంకు పొంగి పొర్లిన రాత్రే పక్క వీధిలో ఒక తల్లి ఖాళీ బిందెతో నిలబడి ఉంటే ఏం జవాబు చెబుతాం?

ఈ శుక్రవారం జుమా నమాజుకు వెళ్ళినప్పుడు మస్జిద్ వుజూఖానాలో కుళాయిలన్నీ ఒకసారి చూడండి. కారుతున్న దాన్ని మీ చేతులతో బాగుచేయండి, పక్కన మీ అబ్బాయిని నిలబెట్టుకొని నేర్పండి. అల్లాహ్ మనందరికీ ఆయన అనుగ్రహాన్ని గుర్తించే మనసును, దాన్ని కాపాడే చేతులను ప్రసాదించుగాక! ఆమీన్.