తగలబడేది ఎవరి మిథిల?

పెద్దాపురం పాండవుల మెట్ట మీది గుహలు చూపించి, వనవాసంలో పాండవులు ఇక్కడే తలదాచుకున్నారని ఊళ్లో చెబుతారు. చరిత్రకు అది నిలుస్తుందా అన్నది వేరే సంగతి. ఆ అన్నదమ్ముల మధ్య నడిచిన ఒక వాదన మాత్రం గోదావరి జిల్లాల్లో గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ప్రతి ఇంటికీ సంబంధించినదే.

యుద్ధం ముగిశాక రాజ్యం వద్దనుకున్న ధర్మరాజు, శాంతిపర్వంలో జనకుడి మాట ఎత్తుతాడు. మిథిల అంతా కాలిపోయినా తనదంటూ ఏదీ కాలదని ఆ రాజు అన్నాడట. జైనుల ఉత్తరాధ్యయన సూత్రంలో నమి రాజు ఇంద్రుడికి చెప్పే జవాబూ ఇదే. బౌద్ధుల మహాజనక జాతకంలో ఇంకో మలుపు ఉంది. సన్యాసం పుచ్చుకుని వెళ్లిపోతున్న భర్తను వెనక్కి తిప్పడానికి రాణి సీవలి తానే పాత ఇళ్లకు నిప్పు పెట్టిస్తుంది. అయినా ఆయన తిరిగి రాడు. మన ప్రవచనాల్లో వినిపించేది మరో కథ: మిథిల అంటుకుందనగానే మునులు ఆరేసిన గోచీల కోసం పరుగెత్తారు, జనకుడు కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. అక్కడ సభ నవ్వుతుంది.

నవ్వు రాని సందర్భం ఒకటుంది. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో వలస కార్మికులు ఉండే బహుళ అంతస్తుల భవనం అంటుకుంది. మంట కింది అంతస్తులో పుట్టింది. పొగ మెట్ల దారి వెంట పైకి ఎక్కింది. పైకప్పుకు వెళ్లే తలుపుకు తాళం ఉంది. నిద్రలో ఉన్నవాళ్లలో ఎక్కువమందిని చంపింది ఆ పొగే. ఒకాయన మూడో అంతస్తు నుంచి నీళ్ల ట్యాంకు మీదికి దూకి బతికాడు. జూన్ 14న వాయుసేన విమానం 45 మంది భారతీయుల భౌతికకాయాలను కొచ్చికి తెచ్చింది. ఎక్కువమంది మలయాళీలు. ముగ్గురు ఆంధ్రులు, వాళ్లలో ఇద్దరు గోదావరి ప్రాంతంవాళ్లు.

అలాంటి తెల్లవారుజామున పక్క భవనం కిటికీ దగ్గర నిలబడ్డ తెలుగు కార్మికుడి సంగతేమిటి? అతనిది ఆ ఇల్లు కాదు, ఆ వీధి కాదు, ఆ దేశమూ కాదు. వీసా యజమాని చేతిలో ఉంటుంది. పోలీసు అడిగితే జవాబు చెప్పే భాష రాదు. ‘మనకెందుకులే’ అని అతను కిటికీ మూస్తే, పైకి వినడానికి అదీ జనకుడి మాటలాగే ఉంటుంది. అయితే జనకుడు తన ఊరి గురించి అన్నాడు. తనది పోయినా చలించని మనిషిని వైరాగ్యవంతుడు అనొచ్చు. ఎదుటివాడిది పోతుంటే చలించకపోవడానికి తపస్సు అక్కర్లేదు, ఎవరికైనా చేతనవుతుంది. అసలు జనకుడి విషయంలోనూ ఒక చిక్కుంది: మిథిలలో ఉన్నవి రాజుగారి ఆస్తులు మాత్రమేనా?

అర్జునుడు పట్టుకున్నది ఈ చిక్కునే. అన్నకు జవాబుగా అతను జనకుడి భార్య అయిన విదేహ రాణి కథ చెబుతాడు. రాజ్యం వదిలి, తల గొరిగించుకుని, గుప్పెడు గింజలతో బతుకుతానన్న భర్తను ఆమె నిలదీస్తుంది: నిన్ను నమ్ముకున్నవాళ్ల గతేమిటి? జనకుడి మాటకు దొరికిన పేరులో పదో వంతు ఈ ప్రశ్నకు దొరకలేదు. ప్రవచనకారులు దీన్నీ చెబితే బాగుండును.

అలాగని లోపలికి దూకేయడమే ధర్మమనలేం. పెద్దాపురం మండలం జి.రాగంపేటలో 2023 ఫిబ్రవరి 9న నూనె ట్యాంకు శుభ్రం చేయడానికి ఒకరి తర్వాత ఒకరు దిగి, ఊపిరాడక ఏడుగురు చనిపోయారు. పొగ అయినా విషవాయువు అయినా ధైర్యస్థుణ్ని, పిరికివాణ్ని వేరుచేసి చూడదు. చూసేవాడి చేతిలో ఉన్న పనులు చిన్నవి: కువైట్‌లో 112కి ఫోన్ చేయడం, ఫైరింజన్‌కు అడ్డుగా ఉన్న బండి తీయించడం, నిద్రపోతున్నవాళ్లను కేకలేసి లేపడం. ఇంకొకటి అతని వల్లే అవుతుంది. ఏ గదిలో ఎంతమంది సర్దుకుని పడుకుంటారో కాగితాల కంటే పక్కింటి కార్మికుడికే బాగా తెలుసు. ఆ లెక్క అగ్నిమాపక సిబ్బందికి ఏ భాషలో చెప్పినా చాలు, వేళ్లతో చూపించినా సరే.

మంగాఫ్‌కు వచ్చిన అప్పటి కువైట్ ఉప ప్రధాని షేక్ ఫహద్ యూసుఫ్, భవన యజమానుల దురాశను తప్పుపట్టారు. ఆ మాట ఆయన అనగలిగారు, ఆయనది అధికారం. మంటలు రాకముందే, పైకప్పు తలుపుకు తాళం ఎందుకని అడగాల్సినవాళ్లు లోపల కంపెనీ ఇచ్చిన గదుల్లో అద్దె లేకుండా పడుకున్న మనుషులు. అడిగితే ఉద్యోగం ఉంటుందో లేదో వాళ్లకు తెలియదు.