చూసిరావడం

ఒక దేశాన్ని చూశానని చెప్పుకోవాలంటే అక్కడ ఎన్నాళ్ళుండాలంటారు?

నేను కువైట్‌లో ఉన్నది అయిదు రోజులే. పర్షియన్ సింధుశాఖ కొసన, ఇరాక్‌కీ సౌదీ అరేబియాకీ నడుమ ఒదిగిన చిన్న దేశమది. మన పాత కడప జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. నది అన్నది లేదు. సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసేసి తాగుతారు. 1938లో అక్కడ చమురు బయటపడింది. చిన్నింట్లో బంగారముంటే పొరుగువాడి కన్ను పడకుండా ఉంటుందా? 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. అప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయుల్ని విమానాల్లో ఇంటికి చేర్చారు. యుద్ధం చల్లారాక మనవాళ్ళు మళ్ళీ వెళ్ళారు. వానకు మొహం వాచిన రాయచోటి, రాజంపేట పల్లెలకు ఆ ఎడారే దిక్కయింది!

1979లో తెరిచిన కువైట్ టవర్స్ ఎక్కాను. ముబారకియా బజారు తిరిగాను. తిరుగు విమానంలో నా పక్క సీటామె రాయచోటి వైపు మనిషి. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో పని. టవర్స్ చూశావా అని అడిగాను.

"యాడ చూసేదక్కా! వంటిల్లు చూసినా, పిల్లోళ్ళ గది చూసినా. సముద్రమంటావా, కారులో పోతాంటే అద్దంలోంచి కనపడ్తాది" అంది.

కానీ ఆ ఇంటి ముసలమ్మకు రాత్రి ఏ వేళకు దాహమేస్తుందో, ఏ పిల్లాడు ఎందుకు అలుగుతాడో ఆమెకు తెలుసు. నాకేం తెలుసు? అయినా చూసివచ్చానని చెప్పుకునేది నేనే. ఎందుకంటే నా తిరుగు టిక్కెట్టు నా సంచిలో ఉంది. ఆమె రాకపోకలు కఫీలు మాట మీద ఉన్నాయి. చూడడం కళ్ళుంటే అయ్యే పని కాదు, తీరిక ఉండాలి. ఆ తీరిక కొందరికి మరొకరు ఇస్తేగానీ దక్కదు.

ఇంటిపనివాళ్ళకు వారానికో రోజు సెలవివ్వాలని 2015లో కువైట్ చట్టం చేసింది. చట్టం గడప దాకా వస్తుంది. గడప దాటించాల్సింది ఇల్లాలే.

పరాయి దేశాన్ని ఆడిపోసుకోవడం సులువు లెండి. మన ఇళ్ళల్లో వారానికో సెలవు ఎంతమంది ఇస్తున్నాం? ఏళ్ళ తరబడి కర్నూల్లో గిన్నెలు తోముతున్న మనిషి కొండారెడ్డి బురుజెక్కి ఒక్కసారైనా ఊరిని చూసిందా? రేపు పొద్దున ఆమె వచ్చినప్పుడు అడగండి. ఈ జవాబు కోసం విమానం ఎక్కనక్కర్లేదు.