రాయొద్దన్న పాట

ధర్పల్లి చుట్టుపక్కల తండాల్లో పెళ్లికి పోతే అప్పగింతల పూట ఒక పాట వినిపిస్తుంది. పాట అనాలో ఏడుపు అనాలో చెప్పలేం. పెళ్లికూతురు ఒక్కొక్కరినీ పట్టుకుని తల్లికో మాట, అన్నకో మాట, పుట్టి పెరిగిన ఇంటికో మాట చెప్పుకుంటూ రాగం తీస్తుంది. పక్కనున్న పెద్దవాళ్లు అందుకుంటారు. దాన్ని లంబాడీలు ఢావ్లో అంటారు. పదేళ్ల కింద నా దోస్తు చెల్లె పెండ్లిలో వాళ్ల పెద్దమ్మ అట్లా అందుకున్నప్పుడు నేను ఫోన్ తీసి రికార్డు చేశాను. నాకు గోర్‌బోలి రాదు. బళ్లో పక్క బెంచీ పిల్లలు మాట్లాడుకుంటుంటే చెవిన పడ్డ నాలుగు ముక్కలు తప్ప. అయినా ఆ గొంతు వదిలిపెట్టలేదు.

రాత్రి వాడికి వినిపించాను, మెచ్చుకుంటాడని. సగం విని ఆపేశాడు.

“తీసెయ్ రా అది.”

“ఎందుకు? మంచిగున్నది కదా.”

“మంచిగుండుడు కాదు. ఆమె మా చెల్లెకు చెప్తున్నది. నీకు కాదు.”

వాడి ముందే తీసేశాను. నిజం చెప్పాలంటే కొంచెం కోపమొచ్చింది కూడా. నేనేదో దొంగతనం చేసినట్టు మాట్లాడాడని. ఆ పెద్దమ్మ రెండేళ్ల కింద చనిపోయింది. దినాలయ్యాక వాడు ఫోన్ చేసి, వానల గురించీ పసుపు ధర గురించీ మాట్లాడి మాట్లాడి, “అప్పుడు నిజంగనే తీసేసినవా?” అన్నాడు. తీసేశానన్నాను. కాసేపు చప్పుడు లేదు. “మాలో ఎవ్వరికీ అది మొత్తం రాదు రా,” అన్నాడు.

నేను చేసింది తప్పా ఒప్పా? పల్లె పాటలు అంతరించిపోతున్నాయి, ఎట్లాగైనా సేకరించాలి అనే మాట మనందరికీ అలవాటే. మీటింగుల్లో ఆ మాటకు చప్పట్లు పడతాయి. ఈ లెక్కన నేను ఒక పాటను చంపినవాణ్ణి. కానీ దాన్ని దాచుకుని ఉంటే, వద్దన్న మనిషికి తెలియకుండా దాచుకున్నవాణ్ణి అయ్యేవాణ్ణి. రెండింట్లో ఏది తక్కువ తప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఈ చిక్కుతోనే ఒకసారి ఓజిబ్వేల గురించి చదవడం మొదలుపెట్టాను. అమెరికా, కెనడా సరిహద్దులో సుపీరియర్ సరస్సు చుట్టూ ఉండే ఆదివాసులు వాళ్లు. తమ కథల్ని, చరిత్రను ఇంగ్లీషులో తామే రాసిన తొలి తరం వాళ్లలో 19వ శతాబ్దంలోనే కనిపిస్తుంది. జార్జ్ కాప్‌వే అనే పాదిరీ 1850లో తన జాతి చరిత్రను అచ్చువేశాడు. పీటర్ జోన్స్ పుస్తకం ఆయన పోయాక 1861లో వచ్చింది. నన్ను ఆపేసింది మాత్రం విలియం వారెన్. తల్లివైపు ఓజిబ్వే, తండ్రి తెల్ల వ్యాపారి. వృత్తి దుబాసీ పని. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని విన్నదంతా రాసి, 1853లో 28 ఏళ్లకే క్షయతో పోయాడు. ఆ పుస్తకం అచ్చయ్యింది 1885లో.

అందులో ఒక రాగి పలక సంగతి ఉంది. కొంగ గోత్రం పెద్ద ఒకాయన దగ్గర గుండ్రటి రాగి పలక ఉండేదట. దాని మీద ఎనిమిది లోతైన గాట్లు. ఆ చోటికి వచ్చి స్థిరపడ్డాక గడిచిపోయిన తరాలు అవి. మూడో గాటు పక్కన టోపీ పెట్టుకున్న మనిషి బొమ్మ. తెల్లవాడు మొదటిసారి కనిపించింది ఆ తరంలోనని గుర్తు. ముసలాయన ఆ పలకను భూమిలో పాతిపెట్టి ఉంచేవాడు, ఎప్పుడో అరుదుగా తప్ప చూపేవాడు కాదు. 1842లో వారెన్ తల్లి బతిమాలితే బయటికి తీశాడు. ఆయన ఆమెకు మేనమామ. అప్పుడు వారెన్‌కు 17 ఏళ్లు. రాసేనాటికి తల్లీ లేదు, తండ్రీ లేడు, ఆ ముసలాయనా లేడు. చూసినవాళ్లలో మిగిలింది తనొక్కడేనని చెప్పి, చూసిందంతా రాసేశాడు.

నేను ఈ పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయాను. మట్టిలో దాచినదాన్ని మేనకోడలి మొహం చూసి తీశాడు గానీ, ఇంగ్లీషు చదివేవాళ్ల కోసం తీయలేదు కదా. వారెన్ రాయకపోయి ఉంటే ఆ ఎనిమిది గాట్ల సంగతి ఇవాళ నాకు తెలియదు. ఓజిబ్వే పిల్లలకూ తెలిసేది కాదేమో. రాసినందుకు కృతజ్ఞత, రాశాడే అన్న ఇబ్బంది, రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. సొంతవాడు కాబట్టి హక్కుంది అని మనం తేల్చేస్తాం. కానీ ఈ సొంతవాడే ప్రభుత్వ కొలువు కూడా చేశాడు. 1850లో విస్కాన్సిన్ ఓజిబ్వేలను వాళ్ల నేల మీంచి పడమటికి తరలించే ప్రయత్నంలో ప్రభుత్వం తరఫున పనిచేసినవాళ్లలో అతనూ ఉన్నాడు. ఆ చలికాలంలో శాండీ లేక్ దగ్గర ఆకలికి, రోగాలకు వందల మంది చచ్చిపోయారు. కడుపున పుట్టడం ఒక్కటే చాలదు.

జేన్ జాన్‌స్టన్ స్కూల్‌క్రాఫ్ట్ సంగతి ఇంకో రకం. ఓజిబ్వే తల్లి కూతురు, ఓజిబ్వేలో, ఇంగ్లీషులో కవిత్వం రాసిన మనిషి. ఆమె, ఆమె పుట్టింటివాళ్లు చెప్పిన కథలు భర్త హెన్రీ పేరుతో 1839లో పుస్తకమయ్యాయి. వాటిని ఆధారం చేసుకుని లాంగ్‌ఫెలో 1855లో ‘హయవాత’ కావ్యం రాశాడు. నానబోజో అనే ఓజిబ్వే వీరుడి కథలకు పక్క జాతి ఇరొక్వా నాయకుడి పేరు తగిలించాడు. కావ్యం ఊరూరా మోగింది. జేన్ రచనలు ఒక సంపుటంగా చేతికందింది 2007లో.

ఇక మన దగ్గరికి వస్తే, లంబాడీల గురించి మొదట వివరంగా రాసినవాళ్లలో బేరార్‌లో పనిచేసిన కంబర్లెజ్ ఒకడు. 1882లో రాశాడు. ఆయన పోలీసు అధికారి. ఒక జాతిని అనుమానంతో చూడ్డమే ఉద్యోగమైనవాడి కలం నుంచి ఆ జాతి గోత్రాలు, పెళ్లి తంతులు కాగితం మీదికి వచ్చాయి. 1920లో సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాల మీద వేసిన పెద్ద పుస్తకంలో మళ్లీ వచ్చాయి. ఈ ఇద్దరికంటే ముందు నుంచీ వాళ్ల వంశావళులు వాళ్లకున్నాయి. ఢాడీలు, భాట్లు తండాలు తిరిగి పాడి, కట్నం తీసుకుని పోయేవాళ్లు. కానీ అది పాడించుకునే ఇంటి చరిత్ర. పక్క ఊరి దొరకు వినిపించడానికి కాదు.

తమ చరిత్ర తామే రాసుకోవడం 1930ల్లో మరాఠీలో బలిరాం పాటిల్ లాంటివాళ్లతో మొదలయింది. తెలుగులో అయితే చాలా ఆలస్యం. మా పక్కనే జక్రాన్‌పల్లి దగ్గరి తండాలో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్ 2018లో ‘బల్దేర్ బండి’ కవితలు, 2021లో కథల పుస్తకం తెచ్చాడు. ఆ కథలకే 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. పుస్తకం పేరు ‘ఢావ్లో’. ఆ పేరు అట్ట మీద చూసినప్పుడు నాకు మా దోస్తు గుర్తొచ్చాడు. వాడు తీసెయ్యమన్న మాటను ఇంకొకడు అట్ట మీద పెట్టుకున్నాడే అని. తర్వాత అర్థమయింది, రెండూ ఒకటి కాదు. రమేశ్ చేసింది కథ రాయడం. ఏది చెప్పాలి, ఏది లోపలే ఉంచాలి అని వాక్యం వాక్యానికీ తనే చూసుకుంటాడు కథ రాసేవాడు. నా ఫోన్‌కు ఆ బాధ లేదు. మైకు దగ్గర పెడితే అన్నీ ఎక్కుతాయి.

రాయడంలో ఇంకో ముల్లు కూడా ఉంది. లంబాడీలు తెలంగాణలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతి. బోధన్ దాటి నాందేడ్ వైపు పోతే అదే అత్తమామలు, అదే తీజ్ పండుగ, అదే మాట. ఇక్కడ తెలుగు అక్షరాల్లో, అక్కడ నాగరిలో. కానీ సర్టిఫికెట్ మారిపోతుంది. కాబట్టి “మా పూర్వులు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఎక్కణ్ణుంచో వచ్చారు” అని ఒక కుర్రవాడు గర్వంగా రాసుకున్న వాక్యం రేపు కోర్టులో వాళ్ల మీదికే సాక్ష్యంగా రావొచ్చు. నా కులం ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను రాసుకుంటే నాకేం పోదు. ఈ తేడా తెలియకుండా “మీ చరిత్ర మీరు రాసుకోండి” అని సలహా ఇవ్వడం తేలిక.

నాకు తోచింది ఇది. పాట మీద హక్కు పుట్టుకతో రాదు, ప్రేమతోనూ రాదు. రాశాక మళ్లీ ఆ గడపే తొక్కాల్సినవాడికి కొంత వస్తుంది. తప్పు రాస్తే వచ్చే పెళ్లిలో మేనత్త మొహం మీదే అడుగుతుంది, తండా పెద్దలు కూర్చోబెట్టి అడుగుతారు. ఆ అడిగేవాళ్లు ఉన్నంతవరకు రాసేవాడి చెయ్యి జాగ్రత్తగా ఉంటుంది. వారెన్‌ను అడగగలిగినవాళ్లు అప్పటికే పోయారు. హెన్రీని అడిగే ధైర్యం, వీలు ఎవరికీ లేవు. నన్నూ ఎవరూ అడగరు. లంబాడీలు బయటివాణ్ణి ‘కోర్’ అంటారు, తమను ‘గోర్’ అనుకుంటారు. కోర్‌ను పెళ్లిలో కూర్చోబెట్టి అన్నం పెడతారు, తప్పు చేస్తే మాత్రం ఏం చేస్తారు? మర్యాదగా ఊరుకుంటారు. మా వాడు ఊరుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అది వాడు నాకిచ్చిన గౌరవమే అనిపిస్తుంది.

అయినా పాట పోయింది. ఇంత ఆలోచించినా అది మాత్రం తిరిగి రాదు. నేను కరెక్టే చేశానని నాకు నేను ఎంత చెప్పుకున్నా, ఫోన్‌లో వాడి గొంతు ఆగిపోయిన ఆ కాసేపు దానికి జవాబు లేదు. వద్దన్న రోజున వాడికి పెద్దమ్మ ఉంది. వద్దనగలిగే మనిషి ఉన్నంతసేపే వద్దనడంలో బలం.

ఈ మధ్య వాడు మిగిలిన మేనత్తల దగ్గరికి, రామడుగు వైపు తండాల్లోని ముసలివాళ్ల దగ్గరికి తిరుగుతున్నాడు. ఫోన్ తీసుకుపోవట్లేదు, నోట్‌బుక్ తీసుకుపోతున్నాడు. గోర్‌బోలిని తెలుగు అక్షరాల్లో రాయడం కష్టంగా ఉందంటాడు, కొన్ని చప్పుళ్లకు మన దగ్గర అక్షరం లేదట. పాట కింద పాడినవాళ్ల పేరు కాకుండా, ఎవరికి పాడారో ఆ పేరు రాసుకుంటున్నాడు. కొన్ని పేజీల్లో ఆ పేరు తప్ప ఇంకేం లేదన్నాడు. అవి పాడినవాళ్లు రాయొద్దన్నారట. పేజీ మాత్రం వదిలిపెట్టాడు.