మూడు గంటలు ఎవరివి?

ఇంగ్లండ్‌లో పాతకాలం నుంచీ వండుతున్న బీఫ్ స్ట్యూ చాలా తేలికైన వంట అంటారు. గొడ్డు పిక్క మాంసాన్ని పెద్ద ముక్కలుగా కోసి, మైదా అద్ది, కొవ్వులో ఎర్రగా వేయించాలి. ఉల్లిపాయలు, క్యారెట్లు, టర్నిప్, థైమ్ ఆకులు వేసి, ముక్కలు మునిగేదాకా ఎముకల రసమో, ఏల్ బీరో పోసి, బరువైన మూత పెట్టాలి. 150 డిగ్రీల ఓవెన్‌లో దాదాపు మూడు గంటలు వదిలెయ్యాలి. పశువు బతికినంత కాలం దాని బరువు మోసిన కండ అది. తొందరపడితే తోలులా సాగుతుంది. నిదానంగా ఉడికితే అందులోని కొలాజెన్ జెలటిన్‌గా మారి రసం చిక్కబడుతుంది, ముక్క చెంచాకే విడిపోతుంది.

ఆ మూడు గంటలూ మనం చేయాల్సిందేమీ లేదని చెప్పడం వంటపుస్తకాలకు అలవాటు. నాకు అక్కడే అనుమానం. ఏమీ చేయకపోయినా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా! బొగ్గు పొయ్యిల కాలంలో మంట చూసుకోవాలి, అడుగంటకుండా కాపాడాలి. కనిపెట్టుకుని ఉండటం పని కాదా?

వర్జీనియా ఉల్ఫ్ 1927లో రాసిన 'టు ద లైట్‌హౌస్' నవలలో ఒక విందు ఉంది. అందులో వడ్డించేది ఇంగ్లీషు స్ట్యూకి దగ్గరి చుట్టమైన ఫ్రెంచి వంటకం, బోఫ్ ఆన్ డోబ్. దాని కోసం వంటమనిషి మూడు రోజులు శ్రమపడుతుంది. ఆమె పేరు మిల్‌డ్రెడ్. అతిథి మెచ్చుకున్నప్పుడు ఇంటావిడ మిసెస్ రామ్‌సే అది తన అవ్వ నుంచి వచ్చిన వంటకమని చెబుతుంది. మిల్‌డ్రెడ్ పనితనాన్ని నవల గుర్తిస్తుంది. కానీ మెప్పు మాత్రం భోజనాల బల్ల దగ్గరే ఆగిపోతుంది.

రచయిత్రికి ఏడాదికి 500 పౌండ్లు, సొంత గది కావాలని ఉల్ఫ్ 1929లో రాసింది. మనలో ఎంతమందికో ధైర్యమిచ్చిన మాట అది. అదే ఏడాది ఆమె నూనె స్టవ్ కొనుక్కుని, తన వంట తానే చేసుకోవడంలోని స్వేచ్ఛకు సంబరపడింది. అయితే 1916 నుంచి 1934 దాకా ఆ ఇంట్లో వండిపెట్టింది నెల్లీ బాక్సాల్. ఉల్ఫ్ డైరీల్లో ఆమెతో తగాదాలు, వాటి వల్ల కలిగిన చిరాకు పదే పదే కనిపిస్తాయి. గదిలోని నిశ్శబ్దానికి అవతల నెల్లీ వంటగది ఉంది.

అందుకని ఉల్ఫ్‌ను బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఒక స్త్రీ స్వేచ్ఛ ఇంకో స్త్రీ సమయం మీద నిలబడవచ్చా అన్నదే నా ప్రశ్న. మన వంట మనమే చేసుకుంటే సరిపోతుందా? అప్పుడు రాత ఆగిపోతుంది, ఇంట్లో మగవాళ్ల సమయం మాత్రం చెక్కుచెదరదు. మిసెస్ రామ్‌సే బల్ల దగ్గర కూర్చున్న తత్వవేత్త గానీ, కవి గానీ వంటగదిలోకి తొంగిచూడరు. స్లో కుక్కర్ కొంటే? మాంసం తేవడం, కోయడం, ఏం వండాలో గుర్తుపెట్టుకోవడం మళ్లీ మనవే. ఎలా చూసినా ఆ గంటలు మాయం కావు, చేతులు మారతాయంతే. కాబట్టి అవి ఎవరి చేతుల్లోకి వెళుతున్నాయో, వాళ్లకు ఎంత ముడుతోందో, ఇంట్లో మగవాళ్ల వాటా ఎంతో లెక్కగట్టాలి.

ఈ వ్యాసం రాసిన మూడు రోజులూ మా ఇంట్లో గిన్నెలు తోమింది నేను కాదు. ఆమె పేరు నాకు తెలుసు, జీతమూ తెలుసు. ఇక్కడ పని ముగించుకుని వెళ్లాక, వాళ్లింట్లో పొయ్యి ఎన్నింటికి వెలిగిస్తుందో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.