మూతి ఎటు పోతే అటు కాదు దెబ్బ

ఒరేయ్ మనవడా, నువ్వు పంపిన ఫొటో కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాను. గుర్రం మూతి కుడివైపు లాగేసి ఉంది. ఎడమ పెదవి వేలాడుతోంది, ఎడమ ముక్కుపుటం మూసుకుపోయింది. నువ్వేమో కుడి దవడకి నూనె రాసి మర్దనా చేస్తున్నానంటున్నావు. అక్కడే పొరబడ్డావురా. ఎడమవైపు కండ పట్టు వదిలేసింది. ఇక కుడివైపుది అడ్డులేక మూతినంతా తనవైపు లాక్కుంది. దెబ్బ ఎడమ దవడ మీద.

ముఖాన్ని ఆడించే నరం చెవి కిందనుంచి బయటపడి, దవడ కండ మీదుగా తోలు కిందే పోతుంది. బక్కపలచని గుర్రానికైతే వేలితో తడిమితే తగులుతుంది కూడా. రాత్రంతా తలపట్టీ బిగించి వదిలేశావు కదా, దాని బకిల్ మీద తల ఆనించి పడుకుంటే చాలు, నరం నలిగిపోతుంది. ముందు ఆ పట్టీ తీసెయ్. లాయంలో పడుకునే గుర్రానికి పట్టీ ఎందుకసలు?

ఈమధ్య దాన్ని కుక్క ఏమైనా కరిచిందా? జొల్లు కారుస్తోంది కాబట్టి అడుగుతున్నాను. అది పిచ్చికుక్క రోగం కాదని డాక్టరు తేల్చేదాకా నోట్లో ఉత్తచెయ్యి పెట్టకు. 1962కి ఫోన్ చెయ్యి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. చెవి కూడా వాలి, తల ఒరిగి, నడకలో తూలితే మాత్రం అది లోపలి చెవి జబ్బు కావచ్చు. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకుపో.

ఎవడో వాత పెట్టమన్నాడన్నావు. వాతానికి వాత! మా నాన్న జట్కా గుర్రానికీ ఇలాగే అయింది. పెనుగొండ నుంచి మార్టేరు తిరిగేది అది. పెద్దవాళ్లు చెప్పారని దవడ మీద వాత పెట్టించాడు. పుండు పడింది. దానికి కంటిరెప్ప కూడా పడేది కాదు. రెప్ప వెయ్యని కంట్లో దుమ్ము, ఎండ పడి పువ్వేసింది, చివరికి ఆ కన్నే పోయింది. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాకగానీ తెలియలేదు, రోజుకు నాలుగైదుసార్లు కంటి మందు వేసి నీడలో కట్టేసుంటే ఆ కన్ను దక్కేదని. నీ గుర్రం రెప్ప వేస్తోందంటున్నావు, అదృష్టం. అయినా రోజూ చూస్తూ ఉండు.

మొదటి రెండు రోజులు ఎడమ దవడకి చన్నీళ్ల గుడ్డ, ఆ తర్వాత గోరువెచ్చని కాపడం, మెత్తగా మర్దనా. వాపు తగ్గే ఇంజెక్షన్ సంగతి డాక్టరుకు వదిలెయ్, మనుషుల మాత్రలు నూరి పొయ్యకు. నమలడానికి వేరే నరం ఉంది కాబట్టి తింటుంది గానీ, మేత దవడ సందులో ఇరుక్కుంటుంది. ఉలవ గుగ్గిళ్లు బాగా మెత్తగా ఉడకబెట్టి, తవుడు కలిపి పెట్టు. పెదవితో నీళ్లు పీల్చలేదు, మూతి మునిగేలా తొట్టి నిండా పొయ్యి. డాక్టరు సరేనన్నాక, తిన్న ప్రతిసారీ దవడ సందు కడుగు.

1821లో లండన్‌లో చార్లెస్ బెల్ అనే డాక్టరు ఒక గాడిదకి ముఖాన్ని ఆడించే ఈ నరాన్నే కోసి చూశాడట, ఆ పక్క ముక్కుపుటం కదలడం మానేసింది. పాపం గాడిద! మనుషులకొచ్చే మూతి వంకరకు ఆయన పేరే పెట్టారు. మనిషైతే ముక్కు మూసుకుంటే నోటితో గాలి పీలుస్తాడు. గుర్రం అలా పీల్చలేదు. ఒక పుటం మూసుకుపోయిన గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులో పరిగెత్తిస్తే ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు.

ఎన్నాళ్లు పడుతుందంటావా? నరం ఒత్తిడికి నలిగిందే తప్ప తెగకపోతే కొన్ని రోజుల్లోనో వారాల్లోనో మూతి చక్కబడుతుంది. లోపలి పోగు తెగితే మళ్లీ పెరగాలి, అది రోజుకు మిల్లీమీటరు చొప్పున పాకుతుంది, అంటే అంగుళానికి దాదాపు నెల. దవడ నుంచి పెదవిదాకా ఎన్ని అంగుళాలో టేపు పెట్టి కొలువు. వారం వారం ఒకేచోట నిలబెట్టి ఫొటో తీసి నాకు పంపు, రోజూ చూసే కంటికి మార్పు ఆనదు.

ముహూర్తాలు మొదలయ్యాయి, నాకూ తెలుసు. డబ్బు అవసరమూ తెలుసు. తణుకు పెళ్లివారి దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఈరోజే తిరిగిచ్చెయ్. చాలకపోతే నన్నడుగు.