ఏకాంతమునకు గల ఋణము

పఠనభాగములు: 1 రాజులు 19:1–18, మార్కు 6:30–46

మనుష్యుడు అందరిని విడిచి ఒంటరిగా కొండలలోనికి పోవుట భక్తికార్యమా, లేక బాధ్యతనుండి పారిపోవుటయా? పూర్వమీ ప్రశ్న మునులకును సన్యాసులకును చెందినది. నేడది ఉద్యోగస్థుని యింటి ముంగిటికి వచ్చినది. నాలుగు చక్రములకును ఇంజను బలమందు జీపులో గుడారమును, నీళ్ల డబ్బాలను, పొయ్యిని సర్దుకొని, రహదారి విడిచి, రాతిబాటలలో ఒక్కడే రెండు మూడు దినములు గడపి వచ్చు అలవాటు మన దేశమందును కనబడుచున్నది. దీనిని గూర్చి క్రైస్తవుడు ఏమని తలంపవలెను?

ఈ ప్రశ్నను పరిశీలించుటకు ఉక్కునగరమైన భిలాయి తగిన స్థలము. సోవియట్ దేశపు సహకారముతో నిర్మింపబడిన అచ్చటి కర్మాగారములో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. బ్రదుకుతెరువునకై వెళ్లిన తెలుగు కుటుంబములు అనేకము అచ్చట స్థిరపడినవి. బ్లాస్ట్ ఫర్నేసు ఒకసారి రాజుకొనిన పిమ్మట రేయింబవళ్లు సంవత్సరముల తరబడి మండుచుండవలెను. ఆదివారమని అది ఆగదు, పండుగయని చల్లారదు. కావున మనుష్యులు మూడు షిఫ్టులుగా వంతులు వేసికొని, ఒకరి స్థానమున మరియొకరు నిలుతురు. ఎనిమిది గంటలు ఆ వేడిమిలో, ఆ రొదలో నిలిచినవాడు నిశ్శబ్దమును కోరుట పాపము కాదు. ఆ ఊరినుండి ఉత్తరముగా కవర్ధా దాటి పోయినచో మైకల్ కొండలును చిల్ఫీ కనుమయు ఎదురగును. అవి అట్టివానిని పిలుచుటలో ఆశ్చర్యమేమి?

లేఖనమును ఆ కోరికను గద్దింపలేదు. పనినుండి తిరిగివచ్చిన శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేకపోగా, ప్రభువు తానే వారిని నిర్జనస్థలమునకు రమ్మనెను. కావున ఏకాంతము దేవుని దానమే. అయితే దానమును పొందినవాడు దానిని తన స్వార్జితమని తలంచినప్పుడు దోషము పుట్టుచున్నది.

ఒంటరి యాత్రికుని చుట్టు ఎందరున్నారో లెక్కించి చూడుడు. అతడు కూర్చున్న బండి ఇనుముతో చేయబడినది. ఆ ఇనుము ఏదో ఒక కొండను త్రవ్వినవారి చెమట. భిలాయి కొలుములకు ఇనుపరాయి దల్లీ-రాజహరా గనులనుండి దశాబ్దములుగా వచ్చినది. అతడు ఎవరును లేరనుకొను అడవిబాట ఇప్పపూలకును కట్టెలకును నడచిన బైగాల, గోండుల పాదములచేత ఏర్పడినది. అతని చక్రము త్రొక్కిన గట్టు ఒకని అరికెల చేనిది కావచ్చును; బురదయైన వాగు ఒక గ్రామమునకు త్రాగునీరు కావచ్చును. అనుమతి లేక అభయారణ్యములో రాత్రి బసచేయుట చట్టవిరుద్ధము. రక్షితారణ్యములో నిప్పు రాజేయుటయు అట్టిదే. ఆ నియమములు పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞకు అరణ్యములో కలిగిన రూపమేయని చెప్పవచ్చును.

ఇట్టి బాటలలో బండి నడపుటలో అనుభవము గలవారికి ఒక మర్యాద కలదు. ఏటవాలు దిగునప్పుడు వారు బ్రేకుమీద ఆధారపడక, తక్కువ గేరులో ఇంజను పట్టుతోనే మెల్లగా దిగుదురు. తెలియని వాగును దాటకముందు బండి దిగి, లోతును కర్రతో పరీక్షింతురు. సాధ్యమైనంతవరకు రెండు బండ్లు కలిసి పోవలెనని చెప్పుదురు. ఏలయనగా బురదలో దిగబడిన బండిని మరియొక బండి లాగగలదు గాని, దిగబడినది తన్నుతాను లాగుకొనవలెనన్నను త్రాడు కట్టుటకు ఒక చెట్టైనను కావలెను. ఒంటరిగానే పోవలసివచ్చినచో, ఏ దారిని పోవుచున్నది, ఏ గంటకు తిరిగివచ్చునది కాగితముమీద వ్రాసి యింటిలో ఇచ్చి పోవుదురు.

ఆ కాగితము చిన్నదే గాని, అందులో ఒక వేదాంతమున్నది. నా ప్రాణము నా సొత్తు కాదని ఒప్పుకొనుటయే అది. చెప్పిన గంటకు అతడు రానియెడల భార్య నిద్రలేక కూర్చుండును. పొరుగువారు లాంతర్లతో, పోలీసులు, అటవీ ఉద్యోగులు తమ ప్రాణములను పణముగా పెట్టి చీకటిలో వెదకుదురు. ఒకడు తన ఇష్టము చొప్పున చేసిన సాహసమునకు వెల పదిమంది చెల్లింతురు. తన ప్రాణముతో తాను ఏమైనను చేసికొనవచ్చునను మాట ఇచ్చట నిలువదు.

ఏలీయా బెయేర్షెబాలో తన దాసుని విడిచి, ఒక దినప్రయాణము ఒంటరిగా అరణ్యములోనికి పోయెను. దేవుడు అతనిని కోపగింపలేదు. రొట్టెయు నీళ్లును పంపెను, నిద్రింపనిచ్చెను. అయితే హోరేబునొద్ద, తాను ఒక్కడే మిగిలితినని అతడు పలికినప్పుడు, ఆ లెక్క తప్పని చూపి, ఇశ్రాయేలులో ఏడువేలమంది గలరని తెలియజేసి, వచ్చిన దారినే తిరిగి పంపెను. అతని కొరకు ఎలీషా అచ్చట ఏర్పరచబడియుండెను. దేవుని పర్వతము ఏలీయాకు నివాసము కాలేదు. తిరిగి పోవుటకు బలము పొందు స్థలమాయెను.

కొండబాటల ఏకాంతము మన దేశపు క్రైస్తవులకు క్రొత్తది కాదు. సాధు సుందర్ సింగ్ 1929లో టిబెట్టు దారిని పోయి మరి తిరిగి రాలేదు. మిత్రులు వెదకిరి గాని జాడ దొరకలేదు. అతడు పొరుగువారిని తప్పించుకొనుటకు కాదు, కొండల ఆవలి పొరుగువారిని చేరుటకే ఆ బాట పట్టెను. జర్మను వేదాంతి డీట్రిక్ బోన్‌హోఫర్ 1939లో ప్రకటించిన క్రైస్తవ సహవాసమును గూర్చిన గ్రంథములో కలిసి గడపు దినమునకు ఒక అధ్యాయమును, ఒంటరిగా గడపు దినమునకు మరియొక అధ్యాయమును కేటాయించెను. అవి రెండును ఒకే జీవితమునకు చెందినవి.

ప్రభువు మాదిరియు ఇదియే. నిర్జనస్థలమునకు పోయినను జనసమూహము ముందుగానే చేరియుండెను. ఆయన విసుగుకొనక కనికరపడి, వారికి బోధించి, ఆహారము పెట్టి పంపివేసి, ఆ తరువాతనే ప్రార్థనకై కొండకు ఒంటరిగా వెళ్లెను. కోరిన విశ్రాంతి వాయిదాపడెను గాని విడిచిపెట్టబడలేదు.

ఇక మిగిలినది ఒకటే ప్రశ్న. కొండలకు పోయినవాని స్థానమున కొలిమియొద్ద ఒకడు నిలిచెను. ఇంటిలో అతని భార్య పిల్లలను, వృద్ధురాలైన అత్తను చూచుకొనెను. ఆమెకు ఒక గంటయైనను తనదని చెప్పుకొనదగిన నిశ్శబ్దము దొరికి ఎన్ని సంవత్సరములాయెనో! ఏకాంతములో దేవుని స్వరమును నిజముగా వినినవాడు ఇల్లు చేరిన తరువాత కొండల అందమును గూర్చి చెప్పుటతో తృప్తిపడడు. పొయ్యియొద్దనుండి ఆమెను లేపి, “ఇప్పుడు నీ వంతు; ఇచ్చట నేనుందును” అనును. షిఫ్టు మార్చుకొనుట ఎరిగిన ఊరివానికి ఈ మాట కష్టము కాకూడదు. అతని యాత్ర ప్రార్థనయో పలాయనమో ఆ ఒక్క మాటవలన తేలును.