అడగని మేలుకు బిల్లు

మనం అడగని పని చేసి, చేశాం కదా డబ్బులిమ్మంటే ఇవ్వాలా? ఆ పని నిజంగానే మనకు ఉపయోగపడేదైతే? చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ ఆడవాళ్ల జీవితాల్లో దీని వేళ్లు చాలా లోతుకి వెళ్లాయి.

ఉస్మానియా క్యాంపస్‌లో పరిశోధన చేసే మాకు కంప్యూటర్ పాడైతే తార్నాకే దిక్కు. థీసిస్ ఇవ్వడానికి మూడు వారాలుందనగా నా లాప్‌టాప్‌కి చార్జింగ్ ఎక్కడం మానేసింది. తార్నాకలో ఒక షాపులో చూపిస్తే చార్జింగ్ పిన్ పోయింది, 900 రూపాయలవుతుందన్నారు. సరేనన్నాను. రెండు రోజుల తర్వాత వెళితే 3,500 అడిగారు. కొత్త బ్యాటరీకి 2,200, లోపల దుమ్ము తీసి ఫ్యాన్ శుభ్రం చేసినందుకు 400.

"మీ మంచికే చేశాం మేడమ్, పాత బ్యాటరీ వీక్‌గా ఉంది" అన్నాడు షాపాయన. ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు కదా అన్నాను. "ఇవన్నీ మీకు చెప్పినా అర్థం కావు. ఇంట్లో సార్ ఉంటే ఫోన్ కలపండి, ఆయనకి చెప్తాను." మా ఇంట్లో అలాంటి సార్ ఎవరూ లేరు. ఉన్నా, లాప్‌టాప్ నాది.

ఈ మాటలకు నాకు సమీరా కోహ్లి కేసు గుర్తొచ్చింది. 1995లో, 44 ఏళ్ల వయసులో, ఆమె కడుపులో సమస్య ఏమిటో చూసే పరీక్షకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి అనుమతి తీసుకుని డాక్టరు గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు చెల్లదనీ, ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగాల్సిందనీ అంది. డాక్టరు రోగి మేలు కోరే చేశారని ఒప్పుకుంటూనే, ఆ ఆపరేషన్‌కు ఫీజు రాదనీ, 25,000 రూపాయల పరిహారం కట్టాలనీ చెప్పింది.

గర్భసంచికీ బ్యాటరీకీ పోలికేమిటని మీరు అడగొచ్చు. నష్టంలో ఏ పోలికా లేదు. వాదన మాత్రం ఒక్కటే: తెలిసినవాళ్లం మేము, తెలియనిదానివి నువ్వు, నిన్ను అడగడమెందుకు? చదువు మాన్పించినా, సంబంధం ఖాయం చేసినా మనం విన్నది ఈ మాటే. ఆ మేళ్లకి బిల్లు డబ్బుల్లో రాదు, జన్మంతా కృతజ్ఞతగా కట్టించుకుంటారు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు మనకోసం న్యాయంగా ఏదైనా చేస్తే, ఆ లాభం మనం అనుభవిస్తే, ప్రతిఫలం ఇచ్చుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ అంటుంది. సబబైన మాటే. అయితే ఆ లాభాన్ని స్వీకరించడమో వద్దనడమో మన చేతిలో ఉండాలని కోర్టులు చెబుతూ వచ్చాయి. నా మూడేళ్ల పని అవతలివాళ్ల బల్లమీద ఉన్నప్పుడు నేను వద్దనగలనా? అందుకే ముందు ఆ వీలు కల్పించమన్నాను. కొత్త బ్యాటరీ తీసేసి పాతది పెట్టమన్నాను. షాపాయన వెంటనే 500 తగ్గిస్తానన్నాడు. ధర తగ్గినంత మాత్రాన అడగని పని అడిగిన పని అయిపోదు కదా. పాత బ్యాటరీయే పెట్టించుకున్నాను.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఆ 400. బ్యాటరీని వెనక్కివ్వొచ్చు. తీసేసిన దుమ్మునీ, ఆ పని చేసిన కుర్రాడి గంటసేపటి శ్రమనీ ఎలా వెనక్కివ్వను? ఆడవాళ్ల చాకిరీకి లెక్క కట్టమని ఇన్నేళ్లుగా అడుగుతున్నవాళ్లం, ఇంకొకరి చాకిరీని ఉత్తినే ఎలా తీసుకుంటాం? చాలాసేపు ఆలోచించాక నాకు తోచిందిది. శ్రమకు కూలి ఇవ్వాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఆ బాకీ పని చెప్పినవాళ్లది. ఆ కుర్రాడికి పని పురమాయించింది షాపాయన. ఆ 400 నేనిస్తే నా అనుమతికి విలువ లేదని ఒప్పుకున్నట్టే, పైగా అది కుర్రాడి జేబులోకి వెళ్తుందన్న నమ్మకమూ లేదు. ఒప్పుకున్న 900 ఇచ్చి రసీదు రాయించుకున్నాను.

గొడవపడే మనిషినని పేరొస్తే రానీ. అడిగి చేసిన మేలుకు ధర కడదాం, కృతజ్ఞతా చెబుదాం. అడగకుండా చేసిన మేలుకు ముందు అడగాల్సింది ఒక్కటే: నన్నెందుకు అడగలేదు?